లోకం తెలిసినవాళ్ళు వద్దనే సలహాలు

ఊళ్ళో ఎవరైనా ఒక కంపెనీ మీదో, దాని వెనకున్న నాయకుడి మీదో నోరు విప్పబోతే ముందు ఇంట్లోవాళ్ళే ఆపుతారు. "పెద్దోళ్ళతో మనకెందుకు నాయనా" అంటుంది అమ్మ. "ఎవడొచ్చినా అంతేలే" అంటాడు మామయ్య. "ముందు నీ ఉద్యోగం చూసుకో" అంటాడు స్నేహితుడు. ఈ మాటల్లో ప్రేమ ఉంది, అనుభవమూ ఉంది. కేసుల్లో ఇరుక్కుని ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగినవాళ్ళను వాళ్ళు కళ్ళారా చూశారు. అందుకే వాళ్ళను తప్పుపట్టలేను. కానీ ఇన్నాళ్ళూ ఆ మాట విన్నందువల్ల మనం ఎక్కడ తేలామో కూడా చూసుకోవాలి కదా. ఇక్కడ రాస్తున్నవన్నీ వాళ్ళు వద్దనేవే. లౌక్యం తెలిసినవాళ్ళు వీటిని తలతిక్క సలహాలంటారు. అననివ్వండి. ఒక్కొక్కటీ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

మంచి నాయకుడి కోసం వెతకడం మానేయండి

ప్రతి ఎన్నికకూ ముందు మనం చేసే పని అదే. ఈయన కాస్త నయం, ఆయన మరీ అన్యాయం అని బేరీజు వేస్తాం. నాయకుల మధ్య తేడా లేదని నేననను, ఉంది. కానీ కంపెనీలు డబ్బు పెట్టేది మనిషిని చూసి కాదు, కుర్చీని చూసి. ఆ కుర్చీలోకి ఎవరొస్తారో తేలనప్పుడు ఇద్దరికీ పెడతాయి.

ఎన్నికల బాండ్ల జాబితా బయటపడ్డాక ఇది దేశమంతా చూసింది. 2017 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించిన పథకం అది. 2018 జనవరి 2న నోటిఫికేషన్ వచ్చింది. స్టేట్ బ్యాంకులో వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల దాకా బాండు కొనుక్కుని నచ్చిన పార్టీకి ఇచ్చేయవచ్చు. పార్టీ 15 రోజుల్లోగా దాన్ని ఖాతాలో వేసుకోవాలి. ఎవరిచ్చారో జనానికి చెప్పనక్కర్లేదు. కొన్నవాళ్ళ వివరాలు బ్యాంకు దగ్గర ఉంటాయి, ఆ బ్యాంకు ప్రభుత్వానిది. అంటే ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలుసు, సర్కారు తలుచుకుంటే దానికీ తెలుస్తుంది. చీకట్లో ఉన్నది ఓటరు ఒక్కడే.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలు బయటపెట్టింది. 2019 ఏప్రిల్ 12 నుంచి లెక్క చూస్తే బీజేపీకి 6,000 కోట్లకు పైగా వచ్చాయి. తృణమూల్ కాంగ్రెస్‌కు సుమారు 1,600 కోట్లు, కాంగ్రెస్‌కు సుమారు 1,400 కోట్లు. మన దగ్గర బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైన, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 300 కోట్ల పైన, తెలుగుదేశానికి 200 కోట్ల పైన. అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్నది కోయంబత్తూరు లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లకు. రెండోది మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లకు. ఆ లాటరీ కంపెనీ డబ్బు బెంగాల్‌లో తృణమూల్‌కూ వెళ్ళింది, దాని బద్ధశత్రువు బీజేపీకీ వెళ్ళింది. తమిళనాడులో డీఎంకేకు, ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా అందింది. బాండ్లు ముట్టని పార్టీలూ ఉన్నాయి. సీపీఎం తీసుకోకపోవడమే కాదు, కోర్టుకు కూడా వెళ్ళింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఏ డబ్బుకు బదులుగా ఏ పని జరిగిందో ప్రత్యేక బృందంతో విచారణ జరిపించాలని వేసిన పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కాబట్టి ఫలానా కాంట్రాక్టు ఫలానా బాండువల్లే వచ్చిందని నేను రాయను. ఒక్కటి మాత్రం జాబితాలోనే కనిపిస్తోంది. నాయకుణ్ణి మారిస్తే డబ్బు దారి మార్చుకుంటుందే గాని ఆగిపోదు. అందుకని మంచివాణ్ణి వెతికే శ్రమను వేరే పనికి మళ్ళించండి. గెలిచినవాడు ఎవడైనా సరే, అతని ముందు కాగితం పట్టుకుని నిలబడి అడిగే పదిమందిని మీ ఊళ్ళో తయారుచేయండి.

విసుగు పుట్టించే కాగితాలే చదవండి

బడ్జెట్ రోజున మనం ఆదాయపు పన్ను శ్లాబులు చూసుకుని టీవీ కట్టేస్తాం. 2017లోనూ అదే చేశాం. ఆ ఏడాది ఆర్థిక చట్టంలో కంపెనీల చట్టం 182వ సెక్షన్‌ను సవరించిన సంగతి ఎంతమంది చదివారు? అంతకుముందు ఏ కంపెనీ అయినా గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతం దాటి పార్టీలకు చందా ఇవ్వకూడదు. ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో రాయాలి. ఆ సవరణతో పరిమితీ పోయింది, పార్టీ పేరు రాయాల్సిన పనీ పోయింది. పైసా లాభం లేని కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చేయవచ్చన్నమాట. దీన్ని ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభకు అడ్డుకునే వీల్లేకపోయింది. 2024 తీర్పు ఈ సవరణలను కూడా కొట్టేసింది. మధ్యలో ఏడేళ్ళు గడిచిపోయాయి.

ఆ ఏడేళ్ళూ ఈ విషయం చావకుండా కాపాడింది పెద్ద నాయకులు కాదు. పూనం అగర్వాల్ అనే విలేకరి 2018లో వెయ్యి రూపాయల బాండ్లు కొని పరీక్షకు పంపించారు. అతినీలలోహిత కాంతిలో చూస్తే వాటి మీద మామూలు కంటికి కనిపించని నంబరు ఉంది. ఎవరికీ ఏమీ తెలియదన్న మాట అక్కడే అబద్ధమైంది. నౌకాదళంలో పనిచేసి రిటైరైన లోకేశ్ బత్రా సమాచార హక్కు కింద దరఖాస్తు మీద దరఖాస్తు పెడుతూ పోయారు. ఎన్ని బాండ్లు అమ్మారు, ఏ విలువవి, ఎప్పుడెప్పుడు అని. ఆ లెక్కలు చూస్తే అమ్మిన మొత్తంలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. వెయ్యి రూపాయల బాండు సామాన్యుడి కోసమని చెప్పిన మాట ఏమైందో అందులోనే ఉంది.

మీ వంతుకు అంత దూరం పోనక్కర్లేదు. అసెంబ్లీకి పోటీ చేసేవాళ్ళ ఖర్చుకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు పరిమితి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పజెప్పాలి. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం చదవండి. ఒక్క రూపాయి రుసుము కడితే ఎవరైనా ఆ లెక్క చూడవచ్చు. కాపీ కూడా తీసుకోవచ్చు. మీ ఊళ్ళో జరిగిన సభకు ఎన్ని బస్సులొచ్చాయో, ఎన్ని బిర్యానీ డేగిసాలు దిగాయో మీకు తెలుసు. ఖాతాలో ఏం రాశారో చూసి పక్కన మీ లెక్క రాసుకోండి. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదని, సగం అందులో చూపిస్తారని మీకు అక్కడే అర్థమవుతుంది. అర్థమైనవాళ్ళు నియోజకవర్గానికి పాతికమంది ఉన్నా అభ్యర్థి గుమాస్తా లెక్క రాసే తీరు మారుతుంది.

సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒక సంగతి గుర్తుంచుకోండి. "ఎందుకు చేశారు?" అని అడిగితే "అది సమాచారం కిందికి రాదు" అని తిప్పి పంపుతారు. "ఫలానా రోడ్డు పనికి సంబంధించిన మంజూరు ఉత్తర్వు, టెండరు దస్త్రం, కొలతల పుస్తకం (ఎం బుక్), బిల్లుల కాపీలు ఇప్పించగలరు" అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.

నోటు తీసుకున్న పొరుగింటివాళ్ళను తిట్టకండి

చదువుకున్నవాళ్ళకు ఈ సలహా అసలు మింగుడుపడదు. ఓటు అమ్ముకునేవాళ్ళవల్లే దేశం ఇలా తగలడిందని మనకు గట్టి నమ్మకం. మా వైపు ఒక ముసలావిడతో నేనూ ఆ మాటే అనబోయాను. ఆవిడ చేస్తున్న పని ఆపలేదు, చింతపండు గింజలు తీస్తూనే అడిగింది. "ఇచ్చినవాణ్ణి అడగవేం బాబూ? పుచ్చుకున్నదాన్ని అడుగుతావు. రోడ్డెయ్యలేదు. పింఛనుకి నాలుగు నెలలు తిప్పారు. వాళ్ళ వల్ల నా చేతికి నికరంగా అందింది ఆ రెండువేలే."

ఆవిడకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు. అరుగు మీద కూర్చుని ఏటి వైపు నుంచి వచ్చే ఇసుక ట్రాక్టర్లు లెక్కపెడుతుంది. ఏ ట్రాక్టరు ఎవరిదో, ఏ రేవులో ఎవరి వాటా ఉందో, ఏ రాత్రి పోలీసు జీపు వచ్చి ఊరికే వెళ్ళిపోయిందో తారీఖులతో సహా చెప్పగలదు. ఓటుకు రెండువేలు పంచినవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటున్నాడో ఊళ్ళో అందరికంటే ముందు ఆవిడకే తెలుసు. అలాంటి మనిషిని తిట్టి దూరం చేసుకుంటే మనకు మిగిలేది ఏముంది? సాక్ష్యం అరుగు మీదే ఉండిపోతుంది. పక్కన కూర్చుని రాసుకోండి. పేరు బయటపెట్టనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

బడిగది కట్టించిన కంపెనీకి సన్మానం చేయకండి

గది తీసుకోండి, పిల్లలకు కావాలి. సన్మానం మాత్రం వద్దు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టి తీరాలి. అది దానం కాదు, చట్టం. శిలాఫలకం మీద దాత అని రాయించేముందు ఇది ఊరికి తెలియాలి. "మా ఊరికి కంపెనీ ఎంతో మేలు చేసింది" అన్న కాగితం మీద సర్పంచ్ సంతకం అడిగితే, ఆ కాగితాన్ని రేపు ఎవరి ముందు పెడతారో అడిగి తెలుసుకునేదాకా సంతకం పెట్టనివ్వకండి. అదే కంపెనీ వార్షిక నివేదిక తెప్పించుకోండి. ఊళ్ళకు పెట్టింది ఒక పేజీలో ఉంటుంది. పార్టీలకు, వాటికి చందాలు చేరవేసే ఎలక్టోరల్ ట్రస్టులకు ఇచ్చింది ఉంటే ఇంకో పేజీలో ఉంటుంది. రెండూ గ్రామసభలో చదవండి.

పని మానుకుని ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళండి

"వెళ్ళి ఏం చేస్తావు, అంతా ముందే అయిపోయింది, కూలి దండగ" అంటారు. నా సలహాల్లో నేను అన్నింటికంటే గట్టిగా పట్టుబట్టేది ఇదే.

పెద్ద పరిశ్రమ, గని, విద్యుత్ కేంద్రం రావాలంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. జాతీయ పత్రికలో ఒకటి, స్థానిక భాషా పత్రికలో ఒకటి ప్రకటన వేసి 30 రోజులు గడువివ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. అది కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీ కార్యాలయంలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో దొరకాలి. సభకు రాలేనివాళ్ళు అభ్యంతరాలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు. అదే నోటిఫికేషన్‌లో ఇంకో మాట ఉంది, నాకు అది చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఈ సభ మొదలుపెట్టడానికి కోరం అవసరం లేదు. మీరు వెళ్ళకపోతే సభ ఆగదు. మీరు లేకుండా జరుగుతుంది, మీ అభిప్రాయం సేకరించినట్టు రికార్డులో చేరుతుంది.

ఒక సభలో నేను చూసింది చెబుతాను. షామియానా కింద ముందు వరసల కుర్చీలన్నీ పొద్దున్నే బస్సుల్లో దిగిన పొరుగు మండలం కుర్రాళ్ళతో నిండిపోయాయి. చేతుల్లో "మాకు ఉద్యోగాలు కావాలి" అన్న అట్టలు, అన్నీ ఒకే ప్రెస్సులో అచ్చైనవి. ఊరివాళ్ళు తాళ్ళ అవతల ఎండలో నిలబడ్డారు. చాలాసేపటికి ఒక జాలరి చేతికి మైకు వచ్చింది. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. "అయ్యా, మీ పుస్తకంలో మా చెరువు లేదు" అన్నాడు. వేదిక మీదున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుస్తకం తెరిచి వెతికారు. నిజంగానే లేదు. అంతకు రెండు రోజుల ముందు రాత్రి రామాలయం దగ్గర డిగ్రీ చదివే ఒకమ్మాయి ఆ తెలుగు సారాంశాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా పైకి చదివింది. ఆ చెరువు పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఆయన చివరిదాకా కూర్చున్నాడట. మర్నాడు వలలు సర్దుకునేవాళ్ళందరికీ అదే చెప్పాడు.

అందుకే సారాంశాన్ని ముందుగా గుంపుగా కూర్చుని చదవండి. మీ నేలలో ఉన్నదేదో అందులో లేకపోతే దాన్నే అడగండి. "మాకు ఈ ప్రాజెక్టు వద్దు" అనే మాటకంటే "ఫలానా పేజీలో మా బోరు, మా కాలువ, మా శ్మశానం లేవు" అనే మాట బరువైనది. సభ మొత్తం వీడియో తీయాలి, తీస్తున్నారో లేదో చూడండి. ముగిసేముందు అక్కడ వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే అధ్యక్షత వహించిన అధికారి సంతకం పెట్టాలి. చీకటి పడిందనీ బస్సు వెళ్ళిపోతుందనీ మనవాళ్ళు ముందే లేచిపోతారు. లేవకండి. చదివించుకోండి. మీరన్నది అందులో లేకపోతే అక్కడికక్కడే చెప్పి రాయించండి.

జనమంతా వద్దన్నా అనుమతులు వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. అయినా ఆ రికార్డు వృథా పోదు. అనుమతి వచ్చిన 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు, సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా గడువు పొడిగించవచ్చు. మనకు బెంచి చెన్నైలో ఉంది. అక్కడ మీ కన్నీళ్ళకంటే ఆ మినిట్స్‌లో ఉన్న ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టిన చోటు బీల. ఏడాదంతా నీరుండే తడినేల. చుట్టుపక్కల రైతులు, జాలర్లు దాని మీదే బతుకుతారు. అనుమతి కాగితాల్లో అది పనికిరాని నేల. ఊళ్ళు ఒప్పుకోలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. రోడ్డు మీద జనం, అథారిటీ ముందు కాగితం, రెండూ ఉన్నాయి. ఆ నేల బీల అని కాగితం మీద నిరూపించకపోతే రోడ్డు మీద పోయిన ప్రాణాలకు ఏం మిగిలేదో తలుచుకుంటే భయమేస్తుంది.

మన సరిహద్దు అవతల ఒడిశాలో నియమగిరి కొండ మీద వేదాంత బాక్సైట్ గని విషయం 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. రాష్ట్ర ప్రభుత్వం వందకు పైగా ఊళ్ళలో 12 ఊళ్ళనే ఎంచింది. 12 ఊళ్ళలోనూ డోంగ్రియా కోందులు, వాళ్ళ పొరుగువాళ్ళు జిల్లా న్యాయమూర్తి ఎదుట వద్దన్నారు. ఒక్క ఊరూ గని వైపు మొగ్గలేదు. మన అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం కూడా భూమి లీజుకివ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. దేశంలో ఎక్కడ గిరిజన భూమి కేసు నడిచినా ఇవాళ్టికీ ఆ తీర్పు ప్రస్తావనకు వస్తుంది. ఒక మండలంలో మొదలైన తగాదా అది.

దేశాన్ని మార్చాలనుకోకండి, మీ వీధి తగాదా తేల్చుకోండి

చిన్నదానితో పెద్దదేం మారుతుందని అడిగేవాళ్ళకు దూబగుంట చూపించాలి. 1990ల మొదట్లో సారా వేలంపాటలు ఎలా నడిచేవో ఆ తరానికి తెలుసు. పాట పాడుకున్న కాంట్రాక్టరే ఊళ్ళో సారా పోస్తాడు, అతనే పార్టీకి డబ్బిస్తాడు, ఎన్నికల్లో మనుషుల్ని దింపుతాడు. చాలాచోట్ల కొన్నాళ్ళకు అతనే నాయకుడు. సర్కారు ఖజానా కూడా దాని మీదే ఆధారపడింది. అలాంటి వ్యవస్థను కదపాలంటే ఢిల్లీలో ఎంత పెద్ద పార్టీ కావాలి అనిపిస్తుంది.

కదిపింది నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వెళ్ళే ఆడవాళ్ళు. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకునే వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, తాగుడుతో కూలిన ఇంటి కథ. చదవడం నేర్చుకుంటూనే అది తమ ఇంటి సంగతేనని మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్ళు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. అంతే. రాష్ట్రమంతా నిషేధం కావాలని వాళ్ళు మొదలుపెట్టలేదు. ఆ సంగతే ఇంకో పాఠమై పక్క ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరూరా ఆడవాళ్ళు దుకాణాల ముందు కూర్చున్నారు. 1992లో నెల్లూరులో వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. పాటే జరగకపోతే కాంట్రాక్టరు లేడు, అతను పంచే డబ్బూ లేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం హామీతో గెలిచిన ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో దాన్ని అమల్లోకి తెచ్చింది.

రాజస్థాన్‌లోనూ అంతే. దేవ్‌డుంగ్రి చుట్టుపక్కల కూలీలు అడిగింది తమకు రావాల్సిన కనీస కూలి. పని జరగలేదని, కొలత తక్కువని కాగితంలో ఉందని అధికారులు చెప్పేవారు. "అయితే ఆ కాగితం మాకూ చూపించండి" అన్నారు వాళ్ళు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన్ సున్వాయీలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి ఊరి నడుమ మస్టర్ రోళ్ళు, అంటే కూలీల హాజరు పట్టీలు చదివించింది. చనిపోయినవాళ్ళ పేర్లు, ఎప్పుడో ఊరొదిలి వెళ్ళినవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి వేళ్ళు అక్కడున్నాయి. మన ఉమ్మడి రాష్ట్రం ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని 2006 నుంచే పట్టుకుని, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది. చెట్టుకింద మస్టర్ రోల్ చదువుతుంటే "ఆ రోజు నేను పనికే పోలేదయ్యా" అని లేచి చెప్పే కూలి మనిషిని చూసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

అందుకని రోడ్డు కాంట్రాక్టో, రేషన్ షాపో, ఇసుక రేవో, మీ కాలువలోకి వదులుతున్న రంగునీళ్ళో ఏదో ఒక్కటి తీసుకోండి. ఒక్కటే తీసుకోండి. అది తేలేదాకా రెండోది ముట్టుకోకండి.

గెలిచాక ఇళ్ళకు పోకండి

అన్నింటికంటే తలతిక్కగా వినిపించే సలహా ఇదే. ఏళ్ళు కష్టపడి గెలిచాక కూడా కూర్చోవాలా అంటారు. కూర్చోవాలి. అంత పోరాడి తెచ్చుకున్న మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. అప్పటికి చీపుర్లు పట్టుకున్నవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం మంది సమ్మతి, సామాజిక ప్రభావ అంచనా ఉండాలని రాసుకున్నాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తర్వాత తమ తమ సవరణలతో కొన్ని రకాల ప్రాజెక్టులకు వాటి నుంచి మినహాయింపులకు దారి తెరిచాయి. 2023 డేటా రక్షణ చట్టంలో 44వ సెక్షన్ మూడో ఉపవిభాగం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ఇంతకుముందు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తుల వివరాలు కూడా ఇవ్వాలన్న మాట ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో దరఖాస్తు తిప్పి పంపే వీలు అధికారికి ఎక్కువైంది. మస్టర్ రోల్‌లో ఉన్నవి మనుషుల పేర్లే కదా. అవి చదవలేకపోతే సామాజిక తనిఖీలో ఇక చదివేదేముంది? సమాచార హక్కు చట్టంలో 8(2) ఇంకా ఉంది. దాచడంవల్ల కలిగే మేలుకంటే బయటపెట్టడంవల్ల ప్రజలకు కలిగే మేలు ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. మీ దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు రాయడం అలవాటు చేసుకోండి.

ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, వచ్చే సోమవారం పంచాయతీ కార్యాలయానికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళకండి. గ్రామసభ తీర్మానాల పుస్తకం చూపించమని కార్యదర్శిగారిని మర్యాదగా అడగండి. చూపించకపోతే అక్కడే కూర్చుని దరఖాస్తు రాసివ్వండి, గ్రామస్థాయిలో రుసుము లేదు కాబట్టి రసీదు ఒక్కటి అడిగి తీసుకుంటే చాలు. పుస్తకం చేతికొచ్చాక ఏ తేదీన సభ జరిగిందని రాశారో, ఏ భూమికి, ఏ పనికి ఊరంతా ఒప్పుకున్నట్టు రాశారో చూడండి. కింద సంతకాలు, వేలిముద్రలు ఒక్కొక్కటీ చదవండి. మీరు వెళ్ళని సభలో మీ పేరు ఉండవచ్చు, మీ అమ్మ వేలిముద్ర ఉండవచ్చు. ఉంటే ఆ పేజీ నకలు తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని వచ్చే గ్రామసభకు వెళ్ళండి.